‘ఆఫ్ ది లైట్’ ఎందుకు తప్పు? చిన్నికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన మెయిళ్లూ, ఆ రెండు వందల ఫ్రేజల్ వర్బుల (క్రియకి చిన్న ముక్క చేరి ఒక్క మాటయినవాటి) లిస్టూ చూశాను. మెయిళ్లలో టెన్సులు బాగానే కుదిరాయి, స్పెల్లింగులకు ఢోకా లేదు. చిక్కంతా చిన్న చిన్న ముక్కల దగ్గరే ఉంది. అప్, ఆఫ్, ఆన్, టు, ఫర్ లాంటివి ఉండాల్సిన చోట లేవు, అక్కర్లేని చోట తిష్ఠ వేశాయి.

ముందు ఆ లిస్టు పక్కన పడేయ్. ‘గివ్ అప్ అంటే వదులుకొను, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయు’ అని ఎదురెదురుగా రాసుకుని బట్టీ పడితే పరీక్షలో మార్కులు వస్తాయేమో గానీ, క్లయింటు లైన్‌లో ఉండగా నోట్లోంచి వాక్యం రాదు. ఆ లిస్టు అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఎవర్ని, దేన్ని అనే మాట ఎక్కడ కూర్చోవాలో చెప్పదు. నీ తప్పుల్లో సగం అక్కడ జరిగినవే. మిగతా సగం తెలుగు విభక్తుల్ని ఇంగ్లీషులోకి మోసుకెళ్లడం వల్ల జరిగాయి. ఈ రెండూ పట్టుకుంటే లిస్టుతో పని లేదు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1755లో ఇంగ్లీషుకి పెద్ద నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సనే ముందుమాటలో ఒప్పుకున్నాడు, క్రియ వెనకాల చిన్న ముక్క తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయివాళ్లకి అన్నిటికన్నా కష్టమని. ఆ చిన్న ముక్కని ఈ ఉత్తరంలో ‘తోక’ అంటాను. వ్యాకరణంలో దానికి రెండు మూడు పేర్లున్నాయి, నీకు ఇప్పుడు అవి అక్కర్లేదు. ఇంకో మాట. తెలుగులో రాస్తున్నాను కాబట్టి, రెండు ఎఫ్‌లున్న తోకని ‘ఆఫ్’ అనీ, ఒక్క ఎఫ్ ఉన్నదాన్ని ‘ఆవ్’ అనీ రాస్తాను. పలకడం కూడా అంతే. మనవాళ్లు రెండింటినీ ఒకేలా పలికేస్తారు, అది మానుకో.

మన ఇళ్లలో అందరం అనే మాటతో మొదలుపెడదాం. ‘లైట్ ఆఫ్ చేయి’, ‘ఫ్యాన్ ఆన్ చేయి’. తెలుగు వాక్యంగా దానికి ఏ లోపమూ లేదు, ఎందుకంటే ‘చేయి’ అనే క్రియ ఉంది. ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు మనం ఆ ‘చేయి’ని చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలేసి, ‘ఆఫ్ ది లైట్’ అంటూ లోపలికి వెళ్తాం. ఆఫ్ తోక మాత్రమే. క్రియ లేకుండా తోక ఒక్కటే ఊగదు. ‘టర్న్ ఆఫ్ ది లైట్’ అనాలి, లేదా ‘స్విచ్ ఆఫ్ ది లైట్’.

‘చేయి’ తగిలించుకున్న ఇంగ్లీషు మాట ఏది కనబడినా ఇదే అనుమానంతో చూడు. ‘ఫోన్ లిఫ్ట్ చేయలేదు’ని ‘హి డిడింట్ లిఫ్ట్ ది ఫోన్’ అంటే, ఫోన్‌ని బల్ల మీంచి పైకెత్తలేదన్నట్టు ఉంటుంది. ‘హి డిడింట్ పిక్ అప్’ చాలు. ‘కాల్ కట్ చేశాడు’ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. కావాలని పెట్టేస్తే ‘హి హంగ్ అప్ ఆన్ మి’. లైన్ దానంతట అదే పోతే ‘వి గాట్ కట్ ఆఫ్’. మొదటిది ఒక మనిషి మీద ఫిర్యాదు, రెండోది నెట్‌వర్క్ మీద. సపోర్ట్ టికెట్‌లో ఈ రెండింటినీ కలిపి ‘కస్టమర్ కట్ ది కాల్’ అని రాస్తే, తప్పు ఎవరిదో మీ మేనేజరుకి తేలదు.

ఇప్పుడు అసలు సంగతి. తోకలున్న క్రియలు రెండు జాతులు. ఒక జాతిలో క్రియకీ తోకకీ మధ్య కర్మ, అంటే ఎవర్ని, దేన్ని అనే మాట, దూరగలదు. ఇంకో జాతిలో దూరలేదు. ఏది ఏ జాతో తేల్చడానికి ‘ఇట్’ పెట్టి చూడాలి. ‘టర్న్ ఆఫ్ ది లైట్’ సరే, ‘టర్న్ ది లైట్ ఆఫ్’ కూడా సరే. కానీ లైట్ బదులు ‘ఇట్’ వచ్చిందంటే దాని చోటు ఒక్కటే: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనకూడదు. పిక్ హిమ్ అప్, ఫిల్ ఇట్ ఇన్, పుట్ దెమ్ ఆన్, కాల్ ఇట్ ఆఫ్, రైట్ ఇట్ డౌన్ అన్నీ ఈ జాతివే. ఇట్, హిమ్, హర్, దెమ్, మి, అస్ లాంటి పొట్టి మాటలు నడుమనే కూర్చుంటాయి.

రెండో జాతి ఇలా ఉండదు. ‘లుక్ ఆఫ్టర్ ది బేబీ’ని ‘లుక్ ది బేబీ ఆఫ్టర్’ అనలేం. ‘ఇట్’ పెట్టినా తోక తర్వాతే: ‘లుక్ ఆఫ్టర్ ఇట్’. లుక్ ఫర్ ఇట్, లుక్ ఇంటు ఇట్, వెయిట్ ఫర్ హిమ్, డీల్ విత్ ఇట్, కమ్ అక్రాస్ ఇట్ ఇలాంటివే.

కళ్లకి ఒకేలా కనబడే జంటని పక్కపక్కన పెట్టి చూడు. ‘టర్న్ ఆఫ్ ది ట్యాప్’ అంటే కుళాయి కట్టేయడం. ‘టర్న్ ఆఫ్ ది హైవే’ అంటే హైవే వదిలి పక్కదారి పట్టడం. మొదటిదాన్ని ‘టర్న్ ఇట్ ఆఫ్’ అనొచ్చు. రెండోదాన్ని అలా అంటే హైవేకి కుళాయిలా తిప్పి కట్టేసే మర ఉన్నట్టు అవుతుంది. మొదటి వాక్యంలో ఆఫ్ క్రియతో జట్టు కట్టింది, రెండోదాంట్లో హైవేతో కట్టింది. తోక ఎవరి పక్షమో ‘ఇట్’ ఇట్టే బయటపెడుతుంది.

చెవితో కూడా పట్టుకోవచ్చు. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో ఊనిక ఆఫ్ మీద పడుతుంది. ‘లుక్ ఎట్ ఇట్’లో లుక్ మీద పడి, ఎట్ దాదాపు మింగేసినట్టు వినిపిస్తుంది. మీ కాల్ రికార్డింగుల్లో అవతలివాళ్ల మాట వింటున్నప్పుడు దీన్ని గమనించు. నువ్వు అన్ని మాటల్నీ సమానంగా ఒత్తి పలుకుతావు, తెలుగు అలవాటు. తోక వినబడకపోతే వాళ్లు ‘సారీ?’ అని మళ్లీ అడుగుతారు.

కర్మ పొడుగ్గా ఉంటే నడుమ ఇరికించకు. ‘షి టర్న్‌డ్ ది ఆఫర్ డౌన్’ బాగుంటుంది. అదే ‘దే మేడ్ లాస్ట్ వీక్’ లాంటి వివరాలన్నీ ఆఫర్‌కి తగిలించి, చిట్టచివర డౌన్ అంటే, వినేవాడు డౌన్ కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. అలాంటప్పుడు ‘టర్న్‌డ్ డౌన్’ అని ముందే కలిపి చెప్పేసి, ఆఫర్ కథ ఆ తర్వాత చెప్పు.

మూడు ముక్కలవి కొన్ని ఉన్నాయి. పుట్ అప్ విత్, లుక్ ఫార్వర్డ్ టు, రన్ అవుట్ ఆవ్, క్యాచ్ అప్ విత్, కమ్ అప్ విత్. ఇవి విడిపోవు, కర్మ చివరే. ‘వి హావ్ రన్ అవుట్ ఆవ్ మిల్క్’ అంటే పాలు అయిపోయాయి. ‘మిల్క్ హాజ్ రన్ అవుట్’ అన్నా సరే, అప్పుడు ఆవ్ ఉండదు. తెలుగులో ‘పాలు అయిపోయాయి’ అంటాం కాబట్టి ‘మిల్క్ ఈజ్ కంప్లీటెడ్’ అని వస్తుంది నీకు. పని కంప్లీట్ అవుతుంది గానీ పాలు కావు.

కర్మే అక్కర్లేని క్రియలూ ఉన్నాయి, అక్కడ మన భాషే సాయానికొస్తుంది. తెలుగులో పెరగడం వేరు, పెంచడం వేరు కదా. ‘గ్రో అప్’ అంటే పెరగడం, ‘బ్రింగ్ అప్’ అంటే పెంచడం. ‘ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ విజయవాడ’ అని నీ పరిచయంలో రాశావు. ‘ఐ గ్రూ అప్ ఇన్ విజయవాడ’ అను. లేదా అమ్మమ్మ పెంచిందని చెప్పాలనుకుంటే ‘ఐ వాజ్ బ్రాట్ అప్ బై మై గ్రాండ్‌మదర్’. అలాగే వేసుకోవడం, వేసుకుని ఉండటం. ‘పుట్ ఆన్’ అంటే వేసుకునే పని, ‘వేర్’ అంటే వేసుకుని ఉన్న స్థితి. స్వెటర్‌లో తల దూరుస్తూ ‘ఐ యామ్ వేరింగ్ ఇట్’ అనకు, ఇంకా వేసుకోలేదు కదా!

ఇక విభక్తుల గొడవ. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చో, తెలుగువాళ్ల తప్పులకి పుట్టిల్లు ఇదే.

తెలుగులో ‘స్టేషన్‌కి చేరాను’. ఆ ‘కి’ని తీసుకెళ్లి ‘ఐ రీచ్‌డ్ టు ది స్టేషన్’ అంటాం. రీచ్‌కి తోక అక్కర్లేదు. ‘వాడికి చెప్పాను’ కాబట్టి ‘ఐ టోల్డ్ టు హిమ్’ అంటాం. టెల్‌కి టు వద్దు, ‘ఐ టోల్డ్ హిమ్’. కానీ సే కి కావాలి, ‘ఐ సెడ్ టు హిమ్’. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ కూడా మనవాళ్ల ముద్రే. అక్కడ టు పెట్టాలి: ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’. ‘ఇంటికి వచ్చాను’ అన్నప్పుడు ‘కేమ్ హోమ్’ అంతే, ‘కేమ్ టు హోమ్’ కాదు. ‘అక్కడికి వెళ్లాను’ అన్నప్పుడు ‘వెంట్ దేర్’. హోమ్, హియర్, దేర్ అన్న మూడూ తమ ‘కి’ని తమలోనే దాచుకున్నాయనుకో.

‘నా మీద కోపం’ నుంచి ‘యాంగ్రీ ఆన్ మి’ పుట్టింది. ‘యాంగ్రీ విత్ మి’ లేదా ‘యాంగ్రీ ఎట్ మి’. ‘అతనితో పెళ్లయింది’ నుంచి ‘మ్యారీడ్ విత్ హిమ్’ పుట్టింది. ‘మ్యారీడ్ టు హిమ్’ అనాలి. ‘ఫోన్‌లో మాట్లాడాను’ నుంచి ‘ఇన్ ఫోన్’ పుట్టింది, ‘ఆన్ ది ఫోన్’ కావాలి. ‘ఇంగ్లీషులో గుడ్’ అన్నది ‘గుడ్ ఎట్ ఇంగ్లిష్’. వీటికి తర్కం వెతక్కు. తెలుగులో మాత్రం కోపం మనిషి మీదే ఎందుకు ఎక్కి కూర్చోవాలి?

‘గురించి’ దగ్గర ఒక పనికొచ్చే సూత్రం ఉంది. నామవాచకానికి తోక ఉంటుంది, అదే మాట క్రియ అయినప్పుడు తోక రాలిపోతుంది. ‘ఎ డిస్కషన్ అబౌట్ ది బడ్జెట్’ సరే. క్రియగా మాత్రం ‘వి డిస్కస్డ్ ది బడ్జెట్’, అబౌట్ లేదు. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ సరే, ‘ఐ రిక్వెస్టెడ్ లీవ్’ సరే, ‘ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్’ తప్పు. డిమాండ్, ఆర్డర్, ఎంఫసిస్, ఎంట్రీ, అటాక్ అన్నీ ఈ దారే. ఎంఫసిస్ ఆన్, కానీ ఎంఫసైజ్ తర్వాత ఏమీ లేదు. ఎంట్రీ ఇంటు, కానీ ‘ఎంటర్ ది రూమ్’. ఇక్కడో మడతపేచీ ఉంది, ఒప్పందంలోకి దిగడాన్ని మాత్రం ‘ఎంటర్ ఇంటు ఎన్ అగ్రిమెంట్’ అంటారు. గదిలోకి ఇంటు లేదు, కాంట్రాక్టులోకి ఉంది.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. తెలుగులో విభక్తి కనబడని చోట ఇంగ్లీషు తోకని మింగేస్తాం. ‘పాటలు వింటున్నా’ అంటే ‘లిసన్ సాంగ్స్’ కాదు, ‘లిసన్ టు సాంగ్స్’. అన్నిటికన్నా నాకు సరదాగా అనిపించేది ‘తాళాలు వెతుకుతున్నా’. ‘ఐ యామ్ సర్చింగ్ మై కీస్’ అంటే తాళాల గుత్తినే సోదా చేస్తున్నావని అర్థం, ఒక్కో తాళం తిప్పి చూస్తూ, వాటిలో ఏదో దాచారన్నట్టు. తాళాలు దొరకాలంటే ‘సర్చింగ్ ఫర్ మై కీస్’. పోలీసులు ‘సర్చ్ ది హౌస్’ చేస్తారు, ‘సర్చ్ ఫర్ ది థీఫ్’ చేస్తారు. వెతికే చోటుకి తోక లేదు, వెతికే వస్తువుకి ఫర్ ఉంది. ఒకే వాక్యంలో రెండూ పెట్టి చూడు: ‘ఐ సర్చ్‌డ్ ది బ్యాగ్ ఫర్ మై కీస్’. ఇది నోటికి పట్టిందంటే ఇంక తప్పు పోవు.

‘బస్సు ఎక్కాను’ కూడా అలాంటిదే. బస్సు, రైలు, విమానం అయితే ‘గెట్ ఆన్’, దిగడం ‘గెట్ ఆఫ్’. కారు, ఆటో అయితే ‘గెట్ ఇన్’, దిగడం ‘గెట్ అవుట్ ఆవ్’. లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగిన బండికి ఆన్, ఒంగి దూరి కూర్చోవాల్సినదానికి ఇన్ అని గుర్తుపెట్టుకో. బైకుకీ సైకిలుకీ మాత్రం మీద ఎక్కుతాం కాబట్టి ఆన్.

ప్రశ్నలు వేసేటప్పుడు తోకని ముందుకి లాక్కురాకు. ‘దేని కోసం వెతుకుతున్నావు’ అన్న వరస ప్రకారం ‘ఫర్ వాట్ యు ఆర్ లుకింగ్’ అని వస్తుంది. ‘వాట్ ఆర్ యు లుకింగ్ ఫర్?’ అనాలి. ‘హూ డిడ్ యు టాక్ టు?’, ‘విచ్ హాస్పిటల్ డిడ్ దే టేక్ హర్ టు?’ వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదని బళ్లో చెప్పి ఉంటారు. మాట్లాడే ఇంగ్లీషులో ఆ నియమం ఎవరూ పాటించరు, పాటిస్తే బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

తోకలకి అర్థాలు ఉన్నాయా అని అడిగావు. కొంతవరకు ఉన్నాయి, పట్టుకోవడానికి మన సహాయ క్రియలు పనికొస్తాయి. మనం ‘తిను’ అంటాం, ‘తినేయ్’ అంటాం. ‘రాయి’ అంటాం, ‘రాసిపెట్టుకో’ అంటాం. ఆ ‘ఏయ్’, ‘పెట్టు’ చేసే పనే ఇంగ్లీషులో తోక చేస్తుంది. ఈట్ అప్ అంటే తినేయ్, యూజ్ అప్ అంటే వాడేయ్. ఇక్కడ అప్‌కి పైకి అనే అర్థం లేదు, పూర్తిగా అని. రైట్ డౌన్, నోట్ డౌన్‌లో డౌన్ మన ‘పెట్టుకో’. కామ్ డౌన్, కట్ డౌన్‌లో తగ్గడం. క్యారీ ఆన్, గో ఆన్, కీప్ ఆన్‌లో ఆన్ అంటే ‘చేస్తూ ఉండు’లోని ‘ఉండు’. రన్ అవుట్, సెల్ అవుట్, వేర్ అవుట్‌లో అవుట్ అంటే ‘అయిపోవు’. ఫైండ్ అవుట్, ఫిగర్ అవుట్‌లో అదే అవుట్ లోపల దాగినదాన్ని బయటికి లాగుతుంది.

అన్నిచోట్లా ఈ ఎత్తు పారదు. ఇల్లు కాలిపోతే ‘బర్న్ డౌన్’ అంటారు, అప్లికేషన్ నింపడానికి ‘ఫిల్ ఇన్’, ‘ఫిల్ అవుట్’ రెండూ అంటారు, లోపలా బయటా ఒకటే అయిపోయాయి. ‘గివ్ అప్’లో అప్ ఎందుకొచ్చిందని తోక అర్థం నుంచి ఊహిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. కొత్తది కనబడితే ఊహించు, ఆ తర్వాత నిఘంటువు చూసి ఖాయం చేసుకో.

ఇప్పుడు నీ గురువారం మెయిల్ విప్పుదాం. నువ్వు రాసింది ఇది:

‘వి డిస్కస్డ్ అబౌట్ ది పేమెంట్ ఇష్యూ యెస్టర్డే. ఐ యామ్ లుకింగ్ ఇంటు. అవర్ టీమ్ ఈజ్ నాట్ ఏబుల్ టు కోప్ అప్ విత్ ది లోడ్, సో వి పుట్ ఆఫ్ ఇట్. ప్లీజ్ లాగిన్ టు ది పోర్టల్ అండ్ ఫిల్ ది ఫామ్. ఐ విల్ రివర్ట్ బ్యాక్. లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు.’

డిస్కస్డ్ అబౌట్ సంగతి పైన చెప్పాను, అబౌట్ కొట్టేయ్. ‘లుకింగ్ ఇంటు’ దగ్గర వాక్యం గాల్లో వేలాడుతోంది. దేన్లోకి? ‘లుకింగ్ ఇంటు ఇట్’. తెలుగులో ‘చూస్తున్నాను’ అని ఊరుకోవచ్చు, ఇంగ్లీషు ఊరుకోదు.

‘కోప్ అప్ విత్’ మన దేశంలో బాగా వినబడే తప్పు. మూడు వేరు వేరు మాటలు కలగాపులగం అయ్యాయి. ‘కోప్ విత్’ అంటే కష్టాన్ని నెట్టుకురావడం, దీనికి అప్ లేదు. ‘కీప్ అప్ విత్’ అంటే వెనకబడిపోకుండా అందుకుంటూ ఉండటం. ‘పుట్ అప్ విత్’ అంటే నచ్చకపోయినా భరించడం. మీ టీమ్ సంగతికి మొదటిదైనా రెండోదైనా సరిపోతుంది. మూడోది పెడితే క్లయింటుని భరించలేకపోతున్నాం అన్నట్టు వినబడొచ్చు, చూసుకో.

‘పుట్ ఆఫ్ ఇట్’కి ఇందాకటి పరీక్ష పెట్టు: ‘పుట్ ఇట్ ఆఫ్’. ఎప్పటిదాకా అన్నదీ చెప్పు: ‘అంటిల్ ఫ్రైడే’. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వస్తువుని కాక మనిషిని నడుమ పెడితే అర్థం మారుతుంది. ‘ది స్మెల్ పుట్ మి ఆఫ్’ అంటే ఆ వాసనకి నాకు తినబుద్ధి పోయింది అని. కాబట్టి మీటింగుని పుట్ ఆఫ్ చెయ్యి, మనుషుల్ని చెయ్యకు.

‘లాగిన్’ కలిపి రాస్తే నామవాచకం, విడదీసి ‘లాగ్ ఇన్’ అని రాస్తే క్రియ. మీ ఆఫీసు మాటల్లో ఇవి కుప్పలు: బ్యాకప్, సెటప్, చెకౌట్, ఫాలోఅప్, బ్రేక్‌డౌన్. కలిసినప్పుడు ఊనిక మొదటి ముక్క మీద, విడిపోయినప్పుడు రెండోదాని మీద. భూతకాలంలో గుట్టు బయటపడుతుంది. ‘ఐ లాగిన్డ్’, ‘ఐ బ్యాకప్డ్ ది డేటా’ అని మీ టీమ్‌లో రాస్తున్నారు. ఈడీ ప్రత్యయం క్రియకి తగలాలి, తోకకి కాదు. ‘ఐ లాగ్‌డ్ ఇన్’, ‘ఐ బ్యాక్‌డ్ అప్ ది డేటా’.

ఫామ్ దగ్గర తోక పోయింది. గ్లాసుని ‘ఫిల్’ చేస్తాం, ఫారాన్ని ‘ఫిల్ ఇన్’ చేస్తాం, కారు ట్యాంకుని ‘ఫిల్ అప్’ చేస్తాం. మీ క్లయింటు అమెరికావాడు కాబట్టి ‘ఫిల్ అవుట్’ అతని చెవికి ఇంకా అలవాటు.

‘రివర్ట్’ అంటే ఇండియా బయట చాలామందికి పూర్వస్థితికి పోవడం. కోడ్‌ని రివర్ట్ చేస్తారు చూడు, ఆ అర్థం. జవాబిస్తానని చెప్పాలంటే ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’. ‘బై ఫైవ్ టుమారో’ అని గడువు కూడా పెడితే మర్యాదగా ఉంటుంది. రివర్ట్ బ్యాక్, రిటర్న్ బ్యాక్, రిప్లై బ్యాక్ అన్నింటిలోనూ ఆ మొదటి ‘రి’లోనే ‘తిరిగి’ ఉంది, బ్యాక్ దండగ.

చివరి వాక్యంలో ‘టు హియర్’ కాదు, ‘టు హియరింగ్’. టు రెండు రకాలు. ‘ఐ వాంట్ టు గో’లోది క్రియకి ముందు వచ్చేది. ‘లుక్ ఫార్వర్డ్ టు’లోది తోక. తేల్చుకోవడానికి టు తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడు. ‘లుక్ ఫార్వర్డ్ టు ది మీటింగ్’ అతుకుతోంది, కాబట్టి అది తోక, దాని తర్వాత క్రియ వస్తే ఇంగ్ చేరాలి. ‘వాంట్ టు ది మీటింగ్’ అతకదు. ఈ తేడా ‘యూజ్‌డ్ టు’ దగ్గర కొంప ముంచుతుంది. ‘ఐ యూజ్‌డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్’ అంటే ఒకప్పుడు అయిదింటికి లేచేదాన్ని, ఇప్పుడు లేదు. ‘ఐ యామ్ యూజ్‌డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్’ అంటే అయిదింటికి లేవడం నాకు అలవాటే. ఇంటర్వ్యూలో నైట్ షిఫ్టుల గురించి అడిగినప్పుడు మొదటిది చెప్పావంటే మానేశానని చెప్పినట్టు.

బాగుచేసిన మెయిల్ ఇలా ఉంటుంది: ‘వి డిస్కస్డ్ ది పేమెంట్ ఇష్యూ యెస్టర్డే, అండ్ ఐ యామ్ లుకింగ్ ఇంటు ఇట్. అవర్ టీమ్ ఈజ్ స్ట్రగ్లింగ్ టు కీప్ అప్ విత్ ది లోడ్, సో వి హావ్ పుట్ ది రిలీజ్ ఆఫ్ అంటిల్ ఫ్రైడే. ప్లీజ్ లాగ్ ఇన్ టు ది పోర్టల్ అండ్ ఫిల్ అవుట్ ది ఫామ్. ఐ విల్ గెట్ బ్యాక్ టు యు బై ఫైవ్ టుమారో.’ ఇదయ్యాక ‘లుకింగ్ ఫార్వర్డ్’ లేకపోయినా నష్టం లేదు, నన్నడిగితే తీసేయ్.

నీ రెజ్యుమేలో ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2021’ అని ఉంది. మన దగ్గర అందరికీ అర్థమవుతుంది. అమెరికాలో చదివేవాడికి మాత్రం 2021లో నువ్వు స్పృహ తప్పి పడిపోయావని అర్థం. ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2021’ అని మార్చు. హైదరాబాద్ పోలీస్ అకాడమీలో జరిగే పాసింగ్ అవుట్ పెరేడ్‌లో ఆ మాట తప్పు కాదు, అది బ్రిటిష్ సైనిక వాడుక. కాలేజీకి దాన్ని మనమే అంటించాం. ‘వేర్ ఆర్ యు పుట్ అప్?’ కూడా మానెయ్, ‘వేర్ ఆర్ యు స్టేయింగ్?’ అను.

ఫోన్ మీద పనికొచ్చేవి కొన్ని వాక్యాలుగానే నేర్చుకో, విడివిడిగా వద్దు. మాట తెగి తెగి వస్తుంటే ‘యు ఆర్ బ్రేకింగ్ అప్’. గట్టిగా మాట్లాడమనడానికి ‘కుడ్ యు స్పీక్ అప్, ప్లీజ్?’. ఇంకొకరికి కలపడానికి ‘ఐ విల్ పుట్ యు త్రూ టు బిల్లింగ్’. లైన్ దొరక్కపోతే ‘ఐ కుడింట్ గెట్ త్రూ’. కాసేపు ఆగమనడానికి ‘హోల్డ్ ఆన్ ఎ సెకండ్’ స్నేహంగా ఉంటుంది, క్లయింటుతో అయితే ‘కెన్ యు హోల్డ్ ఆన్ ఫర్ ఎ మోమెంట్?’.

ఇవన్నీ చవకబారు మాటలేమో, మెయిల్‌లో పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్ రాస్తేనే గౌరవమేమో అన్న అనుమానం నీకు ఉన్నట్టుంది. అది మన గ్రాంథికం, వాడుక భాషల తగాదాలాంటిదే. గిడుగువారు ఎవరి పక్షమో తెలుసు కదా. లీగల్ నోటీసులో, ఆడిట్ రిపోర్టులో లాటిన్ నుంచి వచ్చిన బరువైన మాటలు వాడు. తోటి ఇంజనీరుకి రాసే మెయిల్‌లో ‘లుక్ ఇంటు’, ‘సార్ట్ అవుట్’, ‘ఫాలో అప్ ఆన్’ చక్కగా నప్పుతాయి.

ఇక సాధన. రోజుకి రెండే రెండు క్రియలు తీసుకో. ఒక్కోదానికి నోటుబుక్కులో మూడు లైన్లు రాయి. మొదటి లైను నీ పనిలోంచి నిజమైన వాక్యం, కర్మతో సహా. రెండో లైను అదే వాక్యం ‘ఇట్’తోనో ‘హిమ్’తోనో. మూడో లైను ప్రశ్న. ఉదాహరణకి ‘ఐ పిక్‌డ్ అప్ ది పార్సెల్’, ‘ఐ పిక్‌డ్ ఇట్ అప్’, ‘వెన్ కెన్ యు పిక్ ఇట్ అప్?’. పక్కన తెలుగు అర్థం రాయకు, రాస్తే కన్ను అటే పోతుంది. మర్నాడు పొద్దున మొదటి లైను మూసేసి రెండోది చూసి మొదటిది పైకి చెప్పు. వారం తర్వాత పద్నాలుగూ ఒకసారి. ఒకే క్రియకి తోకలు మార్చి గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ బై అని ఒకే రోజు నేర్చుకోకు, అన్నీ కలిసిపోతాయి. ఒక సందర్భం తీసుకుని, అందులో వచ్చేవి కలిపి నేర్చుకో.

నిఘంటువు చూసేటప్పుడు విద్యార్థుల కోసం వేసినదే చూడు. అందులో ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్’ అని సమ్‌థింగ్ నడుమ ఉంటే విడిపోయే జాతి. ‘లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ’ అని చివర ఉంటే విడిపోనిది. కొన్నింటిలో రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు కూడా వేస్తారు, కర్మ ఇటూ అటూ కదలొచ్చని దానర్థం. అర్థం చదివే ముందు సమ్‌థింగ్ ఎక్కడుందో చూడు.

మిగతా మూడు మెయిళ్లూ నేను దిద్దలేదు. తోకలన్నిటి కిందా గీత గీసి, నువ్వే దిద్ది ఆదివారంలోపు పంపు. రెండో మెయిల్‌లో ‘ది సర్వర్ వెంట్ డౌన్’ అని రాసింది సరైనదే, దాన్ని ముట్టుకోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ